మా పాప మే క్వీన్ అట! దీని సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

చెషైర్ శైలజ – ఏప్రిల్ 8, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లో, చెషైర్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉంటాం. వచ్చి నాలుగేళ్ళయింది. నిన్న సాయంత్రం మా పాప బడి నుంచి గెంతుకుంటూ వచ్చి "అమ్మా, ఈసారి మే క్వీన్ నేనే!" అంది. తొమ్మిదేళ్ళు దానికి. ఊరి మే పండగ కమిటీవాళ్ళు పిల్లల పేర్లు చీటీల మీద రాసి టోపీలో వేసి తీశారట. దీని చీటీ వచ్చింది.

తెల్ల గౌను మేమే కొనాలి. వెనక మూడు గజాలు ఈడ్చుకుంటూ వచ్చే ఎర్ర వెల్వెట్ అంగీ మాత్రం కమిటీ ఇచ్చింది. సంచి విప్పగానే ఇల్లంతా కలరా ఉండల వాసన. ఎన్నేళ్ళుగా ఎంతమంది పిల్లలు వేసుకున్నారో, లోపల అస్తరుకి నాలుగు రంగుల దారాలతో కుట్లు ఉన్నాయి. కిరీటం కిందటేడు రాణి అయిన అమ్మాయి తెచ్చి పెడుతుందట.

మా అత్తగారు ఫోన్‌లో మొదట అడిగింది "అది వాళ్ళ మతానికి సంబంధించిందా?" అని. నాకు తెలీదు. ఇంకో సంగతి, చీటీ రాని దాని స్నేహితురాలు రెండు రోజులుగా మాట్లాడటం లేదు. నాకదే టెన్షన్. ఇంతకీ ఏమిటీ పండగ?

ఎర్రమందారం – ఏప్రిల్ 8, రాత్రి 11:15

మే ఒకటి అంటే ఎర్రజెండా, ఊరేగింపు, సాయంత్రం సభ. మాకు తెలిసింది అదే. రాణులు, కిరీటాలు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ మధ్యలో 😀

పాతపుస్తకాల పురుగు – ఏప్రిల్ 9, ఉదయం 6:05

శైలజ గారూ, ముందుగా పాపకి ఆశీస్సులు. నేను రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ని, గుంటూరు. ఈ విషయం మీద కాస్త పిచ్చి ఉంది కాబట్టి పోస్టు పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ అత్తగారికి చెప్పండి, ఇది చర్చి పండగ కాదు. నిజానికి చర్చి పెద్దలకే ఇది గిట్టేది కాదు. చలి దేశాల్లో ఆరు నెలలు మోడులా నిలబడ్డ చెట్టు పూసిందంటే అదే పెద్ద పండగ. తెల్లవారుజామునే వెళ్ళి పూలకొమ్మలు విరుచుకొచ్చి గుమ్మాలకి కట్టేవాళ్ళు, ఊరి మధ్య ఒక స్తంభం పాతి చుట్టూ ఆడేవాళ్ళు. 1644లో ప్యూరిటన్ల (ఆటపాటలు గిట్టని ఛాందస క్రైస్తవుల) పార్లమెంటు ఇదంతా అన్యమతాల చాదస్తం అని స్తంభాలన్నీ పీకేయమంది. 1660లో ప్రవాసం నుంచి రాజు తిరిగొచ్చాక జనం కసితీరా మళ్ళీ పాతారు. లండన్ స్ట్రాండ్ వీధిలో 1661లో నిలబెట్టిన స్తంభం ఎత్తు 134 అడుగులు. తర్వాతి కాలంలో అదే వీధిలో నిలబెట్టిన ఇంకో స్తంభాన్ని తీసేసినప్పుడు అది న్యూటన్ చేతికి వచ్చింది. యాపిల్ న్యూటనే. టెలిస్కోపు నిలబెట్టడానికి పంపించాడు.

ఇక రాణి సంగతి. పాత ఊళ్ళ లెక్కల పుస్తకాల్లో మే ఆటలకి ఒక 'రాజు', ఒక 'దొరసాని' కనబడతారు. వాళ్ళు పిల్లలు కాదు, ఊళ్ళోని కుర్రకారు. లండన్‌లో మే ఒకటిన పాలమ్మే అమ్మాయిలదే హడావిడి. పాలబకెట్లకి పూలదండలు చుట్టి, ముందు ఫిడేలు వాయించేవాడితో చిందులేస్తూ వెళ్ళేవాళ్ళు. 1667 మే ఒకటిన శామ్యూల్ పీప్స్ అనే ఆయన దారిలో చూసి డైరీలో రాసుకున్నాడు. తర్వాతి రోజుల్లో ఇంటింటా వెండి గిన్నెలు అడిగి తెచ్చుకుని గోపురంలా పేర్చి నెత్తిన పెట్టుకునే దాకా వెళ్ళింది వ్యవహారం.

తెల్ల గౌను, చిన్నపిల్ల, బుద్ధిగా కూర్చోవడం, ఇవన్నీ 19వ శతాబ్దంలో వచ్చి చేరాయి. అంతకుముందు మే పండగంటే తాగుడూ గోలా కూడా ఉండేవి. విక్టోరియా కాలపు పెద్దమనుషులు దాన్ని శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, చంటిపిల్ల చేతిలో పెట్టారు. టెన్నిసన్ అనే ఇంగ్లీషు కవి రాసిన ఒక గేయం వల్ల కూడా మే క్వీన్ అనే మాట ఇంటింటికీ పాకింది. పాపం, ఆ పద్యంలో పిల్ల చివరికి చచ్చిపోతుంది. దాన్ని మాత్రం మీ పాపకి చదివి వినిపించకండి.

హుస్సేన్‌సాగర్ తెరచాప – ఏప్రిల్ 9, ఉదయం 8:20

వెండి గిన్నెలు నెత్తిన పెట్టుకొని ఆడుకుంటూ పోవుడు అంటే మా లష్కర్ బోనాలు యాదికొచ్చినయి సార్. మాది ఆషాఢం, వాళ్ళది వసంతం, అంతే.

పాతపుస్తకాల పురుగు – ఏప్రిల్ 9, ఉదయం 8:50

అంతే అనకండి నాయనా. బోనం అమ్మవారికి మొక్కు, లోపల నైవేద్యం ఉంటుంది. అక్కడ ఆ గిన్నెలు ఖాళీ, ఇళ్ళవాళ్ళు వేసే చిల్లర కోసం ఆట. చూడ్డానికి ఒకేలా ఉంటే ఒకటే అనుకునే అలవాటు ఈ వేదికలో బాగా పెరిగింది. (కోపం కాదు, రిటైరైన మాస్టారి జబ్బు.)

కానీ ఒక పోలిక మాత్రం నేనే చెప్తాను. అక్కడ పిల్లలు స్తంభానికి కట్టిన రంగు రిబ్బన్లు పట్టుకుని ఎదురెదురుగా తిరుగుతూ జడ అల్లి, మళ్ళీ విప్పుతారు. మన జడకోలాటం చూసినవాళ్ళకి కొత్తగా ఏమీ అనిపించదు. తమాషా ఏమిటంటే ఇంగ్లండ్‌లో ఆ రిబ్బన్ల ఆట అంత పాతది కాదు. అదీ 19వ శతాబ్దంలో వచ్చిందే.

సీతమ్మ వాకిలి – ఏప్రిల్ 9, మధ్యాహ్నం 2:30

శైలజా, జడకోలాటంలో తాడు చిక్కుపడితే మా చిన్నప్పుడు వీపు విమానం మోత మోగేది. పిల్లకి చెప్పు, చూపు తాడు మీద కాదు, ఎదురొచ్చే పిల్ల భుజం మీద ఉండాలి. రాణి ఆడదు అంటావేమో, అయినా నేర్చుకోనీ.

చెషైర్ శైలజ – ఏప్రిల్ 9, రాత్రి 9:10

మాస్టారూ, చాలా థాంక్సండీ. మా అత్తగారికి చదివి వినిపించాను. "చర్చిది కాకపోతే సరే, దిష్టి తియ్యడం మర్చిపోకు" అన్నారు.

సీతమ్మ పిన్నిగారూ, నిజమే, రాణి ఆడదట. కూర్చుని చూడాలి. దానికి అప్పుడే అదొక బాధ.

మాడ్రిడ్ మురళి – ఏప్రిల్ 10, తెల్లవారుజామున 1:15

కూర్చోవడం అంటే మా దగ్గర చూడాలి! మాడ్రిడ్‌కి ఉత్తరాన కొల్మెనార్ వియెహో అని ఊరుంది. మే 2న అక్కడ 'లా మాయా' పండగ. వీధి మలుపుల్లో పూలు, ఆకులతో మండపాలు కడతారు. ఒక్కో మండపంలో ఒక పిల్ల, తెల్లబట్టలు, భుజాల మీద శాలువా. కూర్చుంటే రెండు గంటల సేపు కదలకూడదు, నవ్వకూడదు, మాట్లాడకూడదు.

రెండేళ్ళ కిందట వెళ్ళాను. ఒక పిల్ల ముక్కు మీద ఈగ వాలింది. పిల్ల కదలదు. ఈగా కదలదు. చుట్టూ ముప్పై మందిమి ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. పక్కన పళ్ళెం పట్టుకుని చిల్లర అడుగుతున్న స్నేహితురాళ్ళే పగలబడి నవ్వారు, ఈ పిల్ల కనురెప్ప కూడా ఆడించలేదు. చివరికి ఎవరో ముసలావిడ విసనకర్రతో ఈగని తోలింది. ఆ మొహం నాకింకా గుర్తుంది. అమ్మవారి గుళ్ళో నిలబడ్డట్టే అనిపించింది.

నిక్కచ్చి నీలిమ – ఏప్రిల్ 10, ఉదయం 7:45

నాకొక్కదానికే ఇబ్బందిగా ఉందా? తొమ్మిదేళ్ళ పిల్లని అలంకరించి కదలకుండా కూర్చోబెట్టి ఊరంతా చూడటం... పక్క పిల్లలు ఆడుకుంటుంటే 'రాణి' బొమ్మలా కూర్చోవాలి. ఇది గౌరవమా? మొత్తం మీద అందాల పోటీకి చిన్న చెల్లెల్లా ఉంది.

వర్జీనియా వాసు – ఏప్రిల్ 10, సాయంత్రం 6:30

నీలిమ గారు అన్నదాంట్లో కొంత నిజం ఉంది. కానీ ఎవరిని రాణి చేస్తున్నారు, ఎలా ఎంచుతున్నారు అన్నదాన్ని బట్టి మొత్తం మారిపోతుందండీ. మా దగ్గరే రెండు రకాలున్నాయి.

వాషింగ్టన్ చెర్రీ పూల పండగ మనవాళ్ళందరికీ తెలిసిందే, ఫొటోలు దిగని తెలుగువాళ్ళు ఉండరు. 1912లో టోక్యో మేయర్ పంపిన 3,020 మొక్కలతో మొదలైన కథ. ఒక్కో రాష్ట్రం తరఫున ఒక యువరాణి వస్తుంది. చిన్నపిల్లలు కాదు, చదువుకుంటున్న, ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు. వీళ్ళలోంచి రాణిని ఎలా తీస్తారో తెలుసా? మన జాతరలో రంగులరాట్నం పక్కన అంకెల చక్రం తిప్పుతాడే, అలాంటి చక్రం తిప్పి! ముల్లు ఏ రాష్ట్రం మీద ఆగితే ఆ అమ్మాయి రాణి. అందం, తెలివి, ఇంటర్వ్యూ ఏవీ ఉండవు. అసలు కిరీటం జపాన్ ముత్యాల కంపెనీ మికిమోతో 1957లో ఇచ్చింది, 1,585 ముత్యాలు, రెండు పౌండ్లకి పైగా బంగారం. బరువుకి మెడ నిలబడదు కాబట్టి కాసేపు పెట్టి తీసేసి చిన్నది పెడతారు.

రెండోది మా వర్జీనియాలోని వించెస్టర్ యాపిల్ పూత పండగ, మా ఇంటి నుంచి గంట దూరం. 1924 నుంచి జరుగుతోంది. ఆ రాణిని 'క్వీన్ షెనాండోవా' అంటారు. ఇక్కడ చక్రం లేదు, పలుకుబడే చక్రం. 1964లో రాణి ఎవరు? అధ్యక్షుడు జాన్సన్ కూతురు లూసీ. కిరీటం పెట్టిందెవరు? స్వయానా జాన్సన్. 1975లో ఫోర్డ్ కూతురు సూసన్, ఆయనా వచ్చి పెట్టాడు. నాకైతే యాపిల్ పూత బాగుంటుంది, ఫైరింజన్ల ఊరేగింపు ఇంకా బాగుంటుంది. ఆ రాణి ఎవరో ఏ ఏడూ నాకు గుర్తుండదు.

కాబట్టి శైలజ గారూ, మీ ఊళ్ళో టోపీలో చీటీలు అన్నారు చూడండి, అన్నిటికంటే న్యాయమైన పద్ధతి అదే.

నిక్కచ్చి నీలిమ – ఏప్రిల్ 10, రాత్రి 8:05

చక్రం పద్ధతి నచ్చింది. ఒప్పుకుంటున్నా. అధ్యక్షుల కూతుళ్ళ సంగతి మాత్రం మన ఊళ్ళో సర్పంచ్ గారి అమ్మాయికే ముగ్గుల పోటీలో ఫస్టు రావడం లాంటిదే కదా.

చెషైర్ శైలజ – ఏప్రిల్ 10, రాత్రి 10:20

చీటీలు న్యాయమే వాసు గారూ. కానీ స్నేహితురాలు అలిగింది చీటీ రాలేదని కాదట. మా పాప నోరు జారి "నువ్వు నా అంగీ పట్టుకుని వెనక నడువు" అందట. ఇవాళ బయటపడింది. ఏం చెప్పను.

సీతమ్మ వాకిలి – ఏప్రిల్ 11, ఉదయం 5:40

ఏం చెప్పక్కర్లేదు. ఆ పిల్లని ఇంటికి పిలిచి ఇద్దరికీ చెరో కంచంలో పెరుగన్నం పెట్టు. మాటలు వాటంతటవే వస్తాయి.

పాతపుస్తకాల పురుగు – ఏప్రిల్ 11, ఉదయం 6:30

ఎంపిక దాకా వచ్చింది కాబట్టి చెప్పాల్సిందే. మీ ఇంగ్లండ్‌లో చాలా బడుల్లో ఈ తంతు ఉండటానికి ఒక పెద్ద కారణం లండన్‌లోని వైట్‌లాండ్స్ కాలేజీ. ఆడపిల్లలకి టీచరు ట్రైనింగు ఇచ్చే కాలేజీ అది. 1881లో రచయిత జాన్ రస్కిన్ ప్రోద్బలంతో అక్కడ మే క్వీన్ ఉత్సవం మొదలైంది. అందగత్తెని కాదు, తోటివాళ్ళకి ఎవరంటే ఎక్కువ ఇష్టమో ఆ అమ్మాయిని విద్యార్థినులే ఓటేసి ఎన్నుకోవాలన్నది షరతు. రాణికి మెడలో బంగారు శిలువ. రస్కిన్ పంపిన పుస్తకాలు ఉండేవి, వాటిని రాణి తనకి నచ్చినవాళ్ళకి పంచేది. నాకు నచ్చిందల్లా అదే. బహుమతి పుచ్చుకోవడం కాదు, పంచడం రాణి పని.

అక్కడ చదివిన అమ్మాయిలు టీచర్లుగా దేశమంతా వెళ్ళారు. కిరీటాన్నీ, రిబ్బన్ల ఆటనీ వెంట తీసుకెళ్ళారు. మీ ఊరి దాకా వచ్చింది అలాగే అయ్యుండాలి. ఆ కాలేజీలో మగపిల్లల్ని కూడా చేర్చుకోవడం మొదలుపెట్టాక మే రాజులూ వచ్చారు.

ఎర్రమందారం గారికి కూడా ఒక మాట. మీ జెండాకీ ఈ పూలదండకీ అంత దూరం లేదు. వాల్టర్ క్రేన్ అనే సోషలిస్టు చిత్రకారుడు 1895 మేడేకి గీసిన బొమ్మలో కార్మికుల నినాదాలన్నీ ఒక స్త్రీ చేతిలోని పూలదండకి చుట్టి ఉంటాయి.

ఎర్రమందారం – ఏప్రిల్ 11, ఉదయం 9:00

ఇప్పుడే వెతికి చూశాను మాస్టారూ. ఈసారి మా ఆఫీసు గోడ మీద ఇదే.

హుస్సేన్‌సాగర్ తెరచాప – ఏప్రిల్ 11, ఉదయం 11:10

మన దిక్కు వసంతానికి రాణి లేదా మరి?

పాతపుస్తకాల పురుగు – ఏప్రిల్ 11, మధ్యాహ్నం 12:00

మనకి రాజున్నాడు! 14వ శతాబ్దం చివర్లో కొండవీటిని ఏలిన కుమారగిరిరెడ్డికి 'కర్పూర వసంతరాయలు' అని బిరుదు. ఏటా వసంతోత్సవంలో కర్పూరం, సుగంధాలు వెదజల్లించేవాడని ప్రసిద్ధి. ఖజానా ఏమైందో అడక్కండి.

చెషైర్ శైలజ – ఏప్రిల్ 27, సాయంత్రం 7:30

చాలా రోజులైంది, క్షమించాలి. పెరుగన్నం పనిచేసింది పిన్నిగారూ (ఆ పిల్ల ఆవకాయ కూడా అడిగి వేయించుకుంది, తర్వాత అరలీటరు పాలు తాగింది).

కొత్త సమస్య. కిరీటానికి పూలు మనమే కట్టాలట. కంచె మీద ముళ్ళ హాథార్న్ విరగబూస్తుంది, దాన్ని ఇక్కడ పేరు పెట్టి 'మే' అనే అంటారు. సరే అని ఒక కొమ్మ కోసి లోపలికి తెస్తుంటే పక్కింటావిడ, ఎనభై ఏళ్ళు ఉంటాయి, గేటు దగ్గరే అడ్డం నిలబడింది. అది గుమ్మం దాటి ఇంట్లోకొస్తే ఎవరో ఒకరు పోతారట! మా అత్తగారు, ఈవిడా కలిస్తే శకునాల మీద ఒక గ్రంథం రాయొచ్చు.

దవావో డాక్టరుబాబు – ఏప్రిల్ 27, రాత్రి 11:50

అక్కా, శకునం పక్కన పెట్టండి, వాసన చూశారా? హాథార్న్ పూలలో ట్రైమిథైలమైన్ ఉంటుంది. కుళ్ళుతున్న మాంసంలో పుట్టే పదార్థాల్లో అదీ ఒకటి. వెనకటి రోజుల్లో శవాన్ని ఇంట్లోనే ఉంచేవాళ్ళు కదా, ఆ వాసన తెలిసినవాళ్ళు ఈ పూలని లోపలికి రానివ్వకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పాతపుస్తకాల పురుగు – ఏప్రిల్ 28, ఉదయం 6:15

భేష్ డాక్టరుబాబూ. ఇంకోటి, మే ఒకటికి మే పూలు సరిగ్గా అందవు. 1752లో ఇంగ్లండ్ క్యాలెండరు మార్చినప్పుడు 11 రోజులు ఎగిరిపోయాయి. పండగ తారీఖు ముందుకి జరిగింది, చెట్టుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

చెషైర్ శైలజ – మే 5, రాత్రి 11:30

అయిపోయింది!! కాళ్ళు లాగేస్తున్నాయి కానీ రాసే పడుకుంటాను.

పొద్దున్నుంచి సన్నటి తుంపర. ట్రాక్టర్ ట్రెయిలరు మీద కుర్చీ, కాగితం పూలు, ఆ కాగితం రంగు కారి గౌను అంచుకి గులాబీ మరకలు. మైకులో మా పాప పేరు మూడుసార్లు మూడు రకాలుగా పలికారు, మూడూ దాని పేరు కాదు. మూడోసారి ఇది లేచి మైకు దగ్గరికి వెళ్ళి అక్షరం అక్షరం విడదీసి చెప్పి వచ్చి కూర్చుంది. జనం చప్పట్లు. నీలిమ గారూ, బొమ్మలా కూర్చోలేదండీ.

కిరీటం పెట్టగానే జారి ముక్కు మీదికి వచ్చింది. నాకు గుండె ఆగినంత పనైంది. వెనక అంగీ పట్టుకున్న ఆ స్నేహితురాలే చటుక్కున ముందుకొచ్చి, తన జుట్టులో పిన్నులు రెండు పీకి దీని జడ కుదుళ్ళలోకి గుచ్చింది. అంగీ బురదలో పడింది, ఎవరూ పట్టించుకోలేదు. హాథార్న్ కిరీటం షెడ్డులో మేకుకి వేలాడుతోంది, ఇంట్లోకి తేలేదు. ఎందుకొచ్చిన గొడవ.

అన్నట్టు, నిన్న నట్స్‌ఫర్డ్ ఊరి మే ఉత్సవానికి కూడా వెళ్ళాం. 1864 నుంచి జరుగుతోందట, 1887లో యువరాజు దంపతులు చూసి వెళ్ళాక పేరుకి 'రాయల్' చేరింది. రాణి కంటే నన్ను నిలబెట్టేసింది నేల మీద ముగ్గు! నిజం ముగ్గే పిన్నిగారూ. రంగు ఇసుకతో కాలిబాట మీద పువ్వులు, శుభాకాంక్షలు. వెనకటి రోజుల్లో గరాటులోంచి ఇసుక జారవిడిచి వేసేవాళ్ళట, ముఖ్యంగా పెళ్ళిళ్ళకి. పూర్వం ఇంగ్లండ్‌ని ఏలిన కెన్యూట్ రాజు చెప్పులో ఇసుక దులుపుతుంటే పెళ్ళివారు ఎదురొచ్చారని, ఆ ఇసుక రేణువులంత సంతానం కలగాలని దీవించాడని ఒక కథ. నవలలు రాసిన ఎలిజబెత్ గాస్కెల్ పెరిగింది ఆ ఊళ్ళోనే. 1832లో ఆవిడ పెళ్ళికి ఊళ్ళో దాదాపు అన్ని ఇళ్ళ ముందూ ఇసుక ముగ్గులేనట. నేను కాలు పక్కకి పెట్టి ముగ్గు తొక్కకుండా దాటుతుంటే మా ఆయన నవ్వారు. అలవాటు, ఏం చేయను.

సీతమ్మ వాకిలి – మే 6, ఉదయం 5:35

చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయే తల్లీ. దిష్టి తీశావా? ఆ పిన్నుల పిల్లకి కూడా తియ్యి.

నిక్కచ్చి నీలిమ – మే 6, ఉదయం 8:10

మైకు దగ్గరికి వెళ్ళిందా! ఆ పిల్లకి నా ఓటు. చీటీ అక్కర్లేదు.

దవావో డాక్టరుబాబు – మే 6, సాయంత్రం 4:00

అక్కా, కంగ్రాట్స్! ఇసుక అన్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. ఫిలిప్పీన్స్‌లో మే నెలంతా పూల పండగే, చివర్లో 'సాంతాక్రూసాన్' ఊరేగింపు. ఇక్కడ ఒక రాణి కాదు, వరసగా బోలెడుమంది. త్రాసు, కత్తి పట్టుకున్న న్యాయరాణి, నగల పెట్టెతో షీబా రాణి, నరికిన తలకాయ (బొమ్మదేలెండి) పట్టుకున్న జూడిత్. అందరికంటే చివర శిలువ పట్టుకుని హెలెనా మహారాణి, పక్కన ఆవిడ కొడుకు, రోమ్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ వేషంలో బుడ్డోడు. ఒక్కో రాణికీ పూలు చుట్టిన వెదురు తోరణం పట్టుకుని కుర్రాళ్ళు నడుస్తారు. ఇది మాత్రం పక్కా చర్చి పండగే, మీ అత్తగారికి చెప్పకండి.

ఈ ధగధగలన్నిటికీ ముందు మెథూసెలా అని ఒక గడ్డం ముసలాయన బండి మీద కూర్చుని మూకుట్లో ఇసుక వేయిస్తుంటాడు. ఈ మెరుపులన్నీ చివరికి మట్టిలో కలిసేవే అని గుర్తు చేయడానికట. మా వీధివాళ్ళు ఈసారి ఆ వేషం నాకిచ్చారు! మూడేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా, తోరణం మోసే కుర్రాడిగా పిలుస్తారేమో అనుకున్నా. తెల్లగడ్డం దొరికింది. మూకుడు మా హాస్టల్ వంటగదిదే.

సీతమ్మ వాకిలి – మే 6, సాయంత్రం 5:25

ఇసుక ఎలాగూ వేయిస్తున్నావు, గుప్పెడు వేరుశనక్కాయలు పడెయ్యి బాబూ. ఊరేగింపు అయ్యేసరికి వేగుతాయి.

దవావో డాక్టరుబాబు – మే 6, సాయంత్రం 5:40

కింద నిజం మంట ఉండదమ్మా 😀

సీతమ్మ వాకిలి – మే 6, సాయంత్రం 5:52

మరి గడ్డం ఎందుకు పెట్టుకోవడం, దండగ.